పడవగది కిటికీ

గవాక్షమను మాటలోనే కన్ను ఉన్నది. ఇంటిగోడలోని కన్ను పగిలినచో గాలియు ధూళియు లోపలికి వచ్చును; వర్షము వచ్చినచో ఒక గోనెపట్టను కట్టి ఆ రాత్రి గడపవచ్చును. నీటిమీఁద తేలు పడవగదికి గల కిటికీ అట్టిది కాదు. అది వెలుఁగు నీయవలెను, నీటిని ఆపవలెను, ఆపద వచ్చినప్పుడు మనుష్యుని వెలుపలికి పంపవలెను. మొదటి రెండు పనులను అందఱు నెఱుఁగుదురు. మూఁడవదానిని మఱచుట సులభము. పోయిన వేసవి సెలవులలో ఒక మోటారు పడవకు కిటికీ మార్చు పనిలో మాకును కొంత పాలు కలిగెను. ఆ పనివలన మేము నేర్చికొన్న సంగతులను మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపఁదలఁచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పరిశుద్ధ గ్రంథమును చదువువారికి కిటికీలు క్రొత్త గావు. నోవహు ఓడకిటికీ తీసి ముందు కాకిని, పిమ్మట పావురమును వెలుపలికి విడిచెను. యెరికో గోడమీఁది యింట రాహాబు వేగులవారిని కిటికీగుండ త్రాటితో దింపి కాపాడెను. దమస్కులో శత్రువులు పౌలును పట్టుకొనఁజూచినప్పుడు విశ్వాసులు ఆయనను గంపలో నుంచి గోడయందలి కిటికీగుండ దింపిరి. ఈ మూఁడు చోట్లను కిటికీ వెలుపలికి చూచుటకు మాత్రమే గాక వెలుపలికి పోవుటకును ఉపయోగపడినది. మా పడవ సంగతి చదువునప్పుడు ఈ మాట జ్ఞాపక ముంచుకొనుఁడు.

ఆత్మకూరు, ఉదయగిరి సీమలు సముద్రమునకు దూరమైన మెట్టభూములు. ఇచ్చట పడవ మాట యేల యని కొందఱు నవ్వవచ్చును. మన జిల్లా తూర్పుభాగమువారికి బకింగుహాము కాలువ యున్నది. రైలు రాకమునుపు చెన్నపట్టణమునుండి ఉత్తరమునకు వచ్చు ప్రయాణికులు అందులో గదులుగల పడవలపై వచ్చెడివారు. పడమటనున్న మనకు నీటిప్రయాణము సోమశిలవలనఁ గలిగినది. పెన్నానదిపై సోమశిలయొద్ద కట్టిన జలాశయము నిండినప్పుడు సుమారు 78 టి.యం.సి.ల నీరు నిలుచును. దాని వెనుకనీరు కడప సీమలోనికి పోయి పలు గ్రామముల భూములను కప్పివేసినది. ఆ నీటిమీఁద చేపలు పట్టువారు పుట్టులపైనను, చిన్న మోటారు పడవలపైనను తిరుగుచుందురు. గాలి లేని ప్రొద్దున అది పళ్లెములో పోసిన నీరువలె నుండును. గాలి లేచిన సాయంకాలమున దాని యలలను చూచినవారు దానిని చెఱువని పిలువరు.

మా పాఠశాలలో చదివి వెడలిన పూర్వవిద్యార్థి యొకఁడు ఆ ప్రాంతమున చేపల వ్యాపారము చేయుచున్నాఁడు. అతఁడు గోదావరి తీరమున నొక పాత మోటారు పడవను కొని, లారీపై నెక్కించి తెచ్చికొనెను. దానికి ముందుభాగమున చిన్న గది. గదికి ఇరుప్రక్కల ఒక్కొక్క కిటికీ. వెనుక ఒక్కటే తలుపు. వలలును, మంచుపెట్టెలును, పనివారును దానిలో పోవుచుందురు. సెలవుదినములలో భార్యాబిడ్డలును ఎక్కుదురు. వైశాఖమాసమున నొక సాయంకాలము గాలిదుమారము లేచినప్పుడు ప్రక్కపడవలోని వెదురుగడ వచ్చి కుడివైపు కిటికీకి తగిలెను. అద్దము కత్తులవంటి ముక్కలై లోపల పడెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న అతని కొమార్తె ఆ కిటికీ ప్రక్కనే కూర్చుండి యుండెను. ఆమె కుడిచేతికి అయిదు కుట్లు పడినవి. దేవుని కృపవలన కంటికి హాని కలుగలేదు.

మఱునాఁడు అతఁడు మా యింటికి వచ్చి, మా చేతిపనుల ఉపాధ్యాయులయొద్దనుండి ఱంపమును, బర్మాను ఇప్పింపుఁడని యడిగెను. "అయ్యవారూ, ఆ తూటును చెక్కతో మూసి మేకులు కొట్టివేసెదను. అద్దమే లేనిచో ఇఁక పగులునది యేమున్నది?" అనెను. బిడ్డచేతి రక్తమును చూచిన తండ్రికి అట్లు తోఁచుట సహజమే. మేము, "నాయనా, ఆ గదికి తలుపు ఒక్కటే గదా. పడవ ఒరిగి ఆ తలుపువైపున నీరు వచ్చినచో, లోపలివారు ఏ దారిని వెలుపడుదురు?" అని యడిగితిమి. అతఁడు కొంతసేపు మాటలాడలేదు.

మేము ఆ ప్రశ్నను ఊరక వేయలేదు. 2018 మే 15వ తేదీన గోదావరిలో దేవీపట్నము మండలపు మంటూరుయొద్ద ఒక లాంచి గాలివానకు మునిఁగెను. గాలివాన వచ్చినప్పుడు తలుపులును, కిటికీలును మూసికొనుటచేత లోపలివారు చిక్కుకొనిరని అప్పటి వార్తాపత్రికలు వ్రాసినవి. మఱుసటి సంవత్సరము, 2019 సెప్టెంబరు 15వ తేదీన, పాపికొండలకు పోవు విహారపడవ కచ్చులూరుయొద్ద తలక్రిందులై నలుబదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఆ పడవను నదిగర్భమునుండి వెలికి తీయుటకు అక్టోబరు 22 వఱకు పట్టెను. మా పూర్వవిద్యార్థి పడవ గోదావరినుండియే వచ్చినది గనుక అతఁడు ఈ వార్తలను మాకంటె నెక్కువగా నెఱుఁగును. "ఏమి చేయుదము, అయ్యవారూ?" అని యడిగెను. ఆ దినముననే మేమును, మా చేతిపనుల ఉపాధ్యాయులును అతనితోఁగూడ సోమశిలకుఁ బోయితిమి.

వైద్యుఁడు మందు వ్రాయకమునుపు నాడి చూచునట్లు, ముందుగా ఆ కిటికీ యేల పగిలెనో చూచితిమి. వెదురుగడ నిమిత్తమాత్రమే. మిగిలిన గాజుముక్కలలోని పగుళ్లన్నియు క్రింది మూలకు పోవుచుండెను. అచ్చట పూర్వపు యజమానుఁడు చట్టమునకు బిగించిన మఱ గాజును నొక్కుచుండెను. గాజు బరువును సహించును గాని యొక్క చుక్కపై నొత్తిడిని సహింపదు. అంతేగాక చట్టము చుట్టును పూసిన లప్పము ఎండి బీటలు వాఱెను. క్రింది కమ్మి చదునుగా నుండుటచే వాననీరు జాఱక దానిపై నిలిచి, బీటలగుండ లోపలికి దిగి, రంగు చెడకుండగనే ప్లైవుడ్‌ను క్రుళ్లఁజేసెను. పైకి గోడ చక్కఁగానే కనఁబడెను. వ్రేలితో నొక్కఁగా తడిసిన రొట్టెవలె లోపలికి పోయెను. ఆ స్థితిలో మేకులు కొట్టి చెక్క బిగించినను మొదటి యలకే యది యూడి వచ్చియుండును.

ఎటువంటి పలకను వేయవలెనను విచారము పిమ్మట వచ్చెను. సామాన్యపు గాజు పగిలినచో బాకులగును. దాని పని యప్పటికే చూచితిమి. గాజును 600 డిగ్రీలకు పైగా కాచి, వెంటనే చల్లని గాలితో నార్చినచో అది గట్టిపడును. పగిలినను చిన్న పలుకులై రాలును గనుక గాయము తక్కువ. బస్సుల ప్రక్కకిటికీలకు వేయునది యిదియే. కాని యట్లు కాచిన తరువాత దానిని కోయుటకుఁగాని, తొలుచుటకుఁగాని వీలు లేదు. ముందే సరియైన కొలత యిచ్చి చేయించుకొనవలెను. రెండు గాజుపలకల నడుమ పలుచని పొర నుంచి యతికిన గాజు ఇంకొకటి. ఫ్రాన్సు దేశపు ఎడ్వార్డ్ బెనెడిక్టస్ 1903లో నొక గాజుబుడ్డి క్రిందఁ బడియు ముక్కలు విడిపోకుండుట చూచి, లోపల నెండి యంటుకొనియున్న పొరయే దానికి కారణమని గ్రహించెను. 1909లో దానిపై హక్కు పొందెను. మోటారు బండ్ల ముందుటద్దములు ఈ జాతివి. అది పగిలినను చోటు విడువదు. గాయమునుండి కాపాడునట్టి ఆ గుణమే, తప్పించుకొనఁజూచువానికి అడ్డమగును.

కడపట ఆఱు మిల్లీమీటర్ల మందముగల అక్రిలిక్ పలకను ఎన్నుకొంటిమి. అది గాజుబరువులో సగము తూఁగును; దెబ్బను గాజుకంటె అనేక రెట్లు సహించును; సామాన్యపు ఱంపముతో కోయవచ్చును. దానికిని దోషములు గలవు. ఎండకు అది గాజుకంటె ఏడెనిమిది రెట్లు పెరుఁగును. అరువది సెంటీమీటర్ల పలక, ఉదయపు చలికిని మధ్యాహ్నపు వేఁడికిని ముప్పది డిగ్రీల భేద ముండెనేని, ఒక మిల్లీమీటరునకు పైగా సాఁగును. చోటు విడువక మఱలతో బిగించినచో ఆ సాఁగుటయే పగులగును. పెట్రోలు, తిన్నరు, స్పిరిటు తగిలినచో దానిమీఁద వెండ్రుకలవంటి బీటలు పుట్టును. కావున సబ్బునీటితో మాత్రమే కడుగవలెను. ఈ విషయములను మేము ఒక కాగితముపై వ్రాసి పడవగదిలో నంటించితిమి.

పిమ్మట క్రుళ్లిన చెక్కను, పొడిగా నున్న చోటు వచ్చువఱకు, కోసివేసితిమి. మా వెంట వచ్చిన వడ్రంగి, "చెడిన చెక్క చాలఁ బోయినది. లోపల దళసరి చట్టము వేసి తూటును చిన్నది చేసినచో పని సులువగును, పలకయు చిన్నదే చాలును" అనెను. అతని లెక్క తప్పు కాదు. కాని మేము ఆ తూటు ప్రక్కన నిలిచి మా భుజములను కొలిచి చూచితిమి. అరువది సెంటీమీటర్ల వెడల్పును, నలువది సెంటీమీటర్ల యెత్తును గల ఆ తూటులో పెద్దవాఁడు భుజములు ముడిచికొని దూఱఁగలఁడు. దానిని తగ్గించినచో పిల్లలు మాత్రమే దూఱుదురు. పని కొంత పెరిగినను కొలత తగ్గింపకూడదని నిశ్చయించితిమి. ఐ.యస్. 710 ముద్రగల నౌకాప్లైవుడ్‌ను తెచ్చి, పాత గోడకు ఏటవాలుగా నతికి, కోసిన యంచులకు నీరు పీల్చకుండ రెసిన్ పూసితిమి. పాత తూటు మూలలు సూటిగా నుండెను. క్రొత్తదాని మూలలను గిన్నె యంచువలె గుండ్రముగా చేసితిమి. సూటి మూలలో ఒత్తిడి పోగుపడును. 1954లో కామెట్ అను జెట్ విమానములు రెండు ఆకాశమున విచ్ఛిన్నమైనప్పుడు, వాని గోడలోని తూటుల మూలలనుండియే పగుళ్లు వ్యాపించెనని పరీక్షలలోఁ దేలినది. ఆకాశమందైనను, సోమశిల నీటియందైనను ఆ ధర్మమొక్కటియే.

అచ్చుఅట్టను మేము కోసితిమి. ట్రెయినింగు కాలేజీలో అట్టపనికి వారమునకు రెండు గంటలు కేటాయించి యుండిరి. అది యెందులకని ఆ దినములలో మాలో చాలమంది గొణుగుకొనెడివారము. తూటులో అట్టను అమర్చి, చుట్టును రబ్బరుపట్టీకిని, ఎండకు సాఁగుటకును కావలసిన చోటు విడిచి కోసి, దానిపై "పైవైపు", "వెలుపలివైపు" అని వ్రాసి, ఆ గీఁత ప్రకారము పలకను కోయించితిమి. పలకమీఁది కాగితపుపొరను పని ముగియువఱకు తీయలేదు. అంచులను ఆకురాయితో నునుపు చేసితిమి.

మఱలు వలదనుకొన్న పిమ్మట పలకను నిలుపునది యేది? ఆత్మకూరు బస్సు డిపోలో పనిచేసి విశ్రాంతి గైకొన్న మేస్త్రీ యొకరు ఈ చిక్కును విప్పిరి. బస్సు ముందుటద్దమును నిలుపునట్టి రబ్బరుపట్టీని ఆయన నెల్లూరినుండి తెప్పించిరి. దానికి ఇరువైపుల రెండు గాడులుండును; ఒక గాడిలో పలక యంచు, మఱియొక గాడిలో గోడ యంచు కూర్చుండును. పట్టీ నడుమ ఇంకొక సన్నని గాడి గలదు. అందులో గట్టి రబ్బరుకొస నొకదానిని దోపినచో పట్టీ ఉబ్బి, పలకను గోడను రెంటిని బిగియఁబట్టును. పట్టీని పలకచుట్టును కొలతకంటె కొంచెము పొడవుగా తొడిగి, గోడవైపు గాడిలో పురికొసను చుట్టి, కొసలు లోపలికి వచ్చునట్లు విడిచి, సబ్బునీరు రాచి, పలకను వెలుపలినుండి తూటునకు ఆనించితిమి. మేము వెలుపల అఱచేతులతో నొక్కుచుండఁగా మేస్త్రీ లోపల నుండి పురికొసను మెల్లఁగా లాఁగిరి. లాఁగినకొలఁది రబ్బరు పెదవి గోడయంచును దాఁటి లోపలికి వచ్చి కూర్చుండెను. మేము నలువది సంవత్సరములకు పైగా బస్సులలో ప్రయాణము చేసినను, ఆ యద్దము పురికొసతో ఎక్కునని ఎఱుఁగము.

అప్పుడు మేస్త్రీ యొక మాట చెప్పిరి. "ఈ నడిమి కొసను లోపలివైపున నుంచుదము. ఆపదలో దానిని లాఁగివేసినచో పట్టీ వదులగును. అప్పుడు పలకను వెలుపలికి త్రోయవచ్చును." మేము వెదకుచుండిన మూఁడవ పని ఆ మాటలో దొరకెను. నీటిని ఆపునదియు, దారి నిచ్చునదియు ఒకే రబ్బరుకొస యగును. అయితే తడిచేతికి, చీఁకటిలో, సన్నని రబ్బరుకొస పట్టు చిక్కదు. దానికి పిడి కావలెను.

ఆ పిడికొఱకు ఉదయగిరికిఁ బోయితిమి. దుర్గపు కొండలలో దొరకు నర్ది, బిక్కి, కల్ది మొదలగు కఱ్ఱలతో చెంచాలను, గరిటెలను చెక్కు కుటుంబము లచ్చట నున్నవి. ఆ పనితనమునకు భౌగోళిక సూచిక గుర్తింపును లభించినది. ఆ కుటుంబములలో నొక ముస్లిము పెద్దామె మా మాట విని, ముందుగా నడిగిన ప్రశ్న యిది: "ఎవరి చేతికి, అయ్యా?" మేము పడవ యజమానుని చెయ్యి చూపితిమి. ఆమె తల యూఁచి, "ఆయన లేని వేళ ఎవరు లాఁగుదురు?" అనెను. తండ్రి మాటలాడక, తన బిడ్డ చేతి కొలతను వ్రేళ్లతోఁ జూపెను. ఆమె ఆ కొలతకు వంపుదీఱిన పిడులు రెండు చెక్కి యిచ్చెను. వానితోఁబాటు మొద్దుకొసగల గరిటెకాడ నొకదానిని ఇచ్చి, "రబ్బరు తోయుటకు ఇనుము వలదు" అనెను. ఆమె చెప్పినది నిజము. స్క్రూడ్రైవరు పలకను గీఁకును, రబ్బరును చీల్చును; ఆ కఱ్ఱ రెంటిని నొప్పింపలేదు. నడిమి కొసను దానితోనే దోపితిమి.

రెండు పిడు లేల యని పడవ యజమానుఁడు అడిగెను. పగిలినది కుడికిటికీ ఒక్కటియే గదా! పడవ కుడివైపునకు ఒరిగినచో కుడికిటికీ నీటిలో నుండును. వెలుపలి నీటియొత్తిడికి ఎదురుగా పలకను త్రోయుట బలవంతునికిని కష్టము. అప్పుడు దారి నిచ్చునది పైకి లేచిన ఎడమకిటికీయే. అది పగులలేదు గాని, దానిలోనిది ఆ సామాన్యపు గాజే, ఆ మఱలే. పగులని కిటికీని తీయుట అతనికి కొంత కష్టముగాఁ దోఁచినను ఒప్పుకొనెను. దానిని విప్పఁగా, క్రింది కమ్మిలో క్రుళ్లు అప్పుడే ప్రారంభమై యుండెను.

నాలవ దినమున పరీక్ష జరిగెను. లోపల కిటికీల క్రింద పాత వార్తాపత్రికలను పఱచి, వెలుపలినుండి ఇరువది బిందెల నీరు కొట్టితిమి. కాగితము తడియలేదు. తరువాత ఎఱ్ఱరంగు పూసిన పిడియొద్ద ఆ బాలికను కూర్చుండఁబెట్టి, వెలుపల తండ్రియు మేస్త్రీయు దుప్పటి పట్టుకొని నిలిచిరి. ఆమె పిడిని లాఁగెను. కొస చివ్వున చుట్టును ఊడి వచ్చెను. చేతులతో త్రోసిన పలక కదలలేదు. మేస్త్రీ వెలుపలనుండి, "వెనుకకు ఆనుకొని కాళ్లతో తన్నుము, తల్లీ" అని కేక వేసెను. రెండవ తన్నుకు పలక దుప్పటిలోఁ బడెను. మేము ఇరువది లెక్కించునంతలో ఆమె వెలుపల నుండెను. మఱల అమర్చిన పిమ్మట ఆమె తానే, "అయ్యవారూ, చీఁకటిలో నైన?" అని యడిగి, కన్నులు మూసికొని, కుట్లు పడని యెడమచేతితో తడవి పిడిని పట్టుకొని, ఇంకొకసారి లాఁగెను. ఆమె తమ్ముఁడును, పనివారును ఒకరి తరువాత నొకరు ఆ పని చేసిరి. నీరు కిటికీమట్టమునకు రాకమునుపే లాఁగవలెనని మేస్త్రీ ప్రతివానిచేతను పలికించిరి.

ఇప్పుడు మా విద్యార్థులకు చెప్పవలసినది కొంచెమే యున్నది. పడవ యెక్కునప్పుడు ప్రాణరక్షకపు జాకెట్టును గాలి లేచిన తరువాత గాక, ఒడ్డుననే తొడుగుకొనుఁడు. గదిలో కూర్చుండకమునుపు ద్వారములెన్నియో, అవి లోపలినుండి తెఱచుకొనునో లేదో చూడుఁడు. బస్సులో అత్యవసర ద్వారమని వ్రాసియున్న చోట మూటలు పెట్టకుఁడు. తలిదండ్రులకును ఒక విన్నపము. మన యిండ్ల కిటికీలకు దొంగల భయమున ఇనుపచువ్వలు బిగించి, పెరటి తలుపునకు తాళము వేయుదుము. అది చేయవలసిన పనియే. అయితే రాత్రివేళ ముంగిట నిప్పు పుట్టెనేని, ఆ పెరటి తాళపుచెవి ఎచ్చట నున్నదో ఇంటిలోని చిన్నవానికిఁ దెలియునా? వాని చెయ్యి ఆ కొక్కెమునకు అందునా? ఈ సెలవులకు ఇండ్లకుఁ బోవు విద్యార్థులు మొదటి దినముననే ఆ తాళపుచెవిని వెదకి, తమ తమ్ములచేతను చెల్లెండ్రచేతను ఒక్కసారి ఆ తలుపు తెఱపించి చూడవలెనని కోరుచున్నాము.